అందరినీ ఒకే గాటన కట్టకండి
ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక కూడా రష్యాలో ఉన్న విదేశీ కంపెనీలన్నీ డబ్బు పిచ్చితోనే ఉన్నాయని కొందరు తేల్చేయడం నాకు నచ్చలేదండీ. 2022లో మెక్‌డొనాల్డ్స్ దాదాపు 850 షాపులు అక్కడి వ్యాపారికి అమ్మేసి వెళ్లింది సరే, తర్వాత వెళ్లాలనుకున్నవాళ్లకి సగం ధరకే అమ్మాలి, పైగా రష్యా ప్రభుత్వానికి వాటా కట్టాలి అని రూలు పెట్టారు కదా. బీరు కంపెనీ హైనెకెన్ 2023లో అక్కడి వ్యాపారాన్ని ఒక్క యూరోకి వదిలించుకుంది, నష్టం 30 కోట్ల యూరోలు! ఇంకో బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్ అయితే కొనేవాళ్లని వెతుక్కున్నాక, రష్యాలో దానికున్న బాల్టికా బీరు కంపెనీని అక్కడి ప్రభుత్వమే చేతుల్లోకి తీసుకుంది. అలాగని ఆస్ట్రియాకి చెందిన రైఫైజెన్ బ్యాంకుని వెనకేసుకురావట్లేదు, లాభాలు బయటికి తెచ్చుకోలేకపోయినా అక్కడే ఉండి పన్ను కట్టింది, ఆ పన్ను ఎటు పోతుందో తెలిసిందే. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ మందులూ అక్కడ అమ్ముతారు. మందులు ఆపితే ఇబ్బంది పడేది రోగులే, మందుల కంపెనీలనీ బీరు కంపెనీలతో కలిపి లెక్కేస్తే ఎలా?