కంపైలర్ గారికి ఒక మనవి

అయ్యా సీ ప్లస్ ప్లస్ కంపైలర్ గారూ,

ప్రోగ్రాంను కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చేదీ, తప్పుంటే ఎర్రర్ చెప్పేదీ మీరే. ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు మీ ఎర్రర్ మాటలు విడమర్చి చెప్పలేక గొంతు పోయి ఇది రాస్తున్నాను.

పదో లైను చివర, వాక్యం ముగించే సెమికోలన్ మర్చిపోతే మీరు పదకొండో లైనులో ఉన్న రిటర్న్ అనే పదం కాలర్ పట్టుకుంటారు. పాపం అదేం చేసింది? తర్వాతి పదం చూస్తే గానీ ముందుది ముగియలేదని మీకు తెలియదు, నిజమే. కానీ 2018లో మీలో ఒకరైన జీసీసీ కంపైలర్ ఎనిమిదో వెర్షన్ వచ్చాక తప్పు చూపే బాణం సరిగ్గా పదో లైను చివరే పెట్టారు. అంటే చేతకాక కాదన్నమాట, మనసు రాలేదు.

అది చిన్న విషయం. మొన్న ఒక కుర్రాడు లిస్టును, అంటే గొలుసులా కలిపిన విలువలను, తీసుకెళ్లి వరుసలో పెట్టే సార్ట్ ఫంక్షన్‌కు ఇచ్చాడు. ఒకే ఒక్క లైను. దానికి మీరు స్క్రీన్లకు స్క్రీన్లు నింపేశారు. వాడు జన్మలో తెరవని, మీ సొంత లైబ్రరీలోని "ఎస్టీఎల్ ఆల్గో డాట్ హెచ్" ఫైల్లో మైనస్ గుర్తు కుదరలేదన్నారు. "నేనెక్కడ తీసివేశాను సార్?" అని వాడు బిక్కమొహం వేశాడు. ప్రోగ్రాం మొత్తం వెతికినా మైనస్ లేదు మరి! వాడు రాసిన లైను నంబరేమో ఆ గుంపు మధ్యలో "రిక్వైర్డ్ ఫ్రమ్ హియర్" అంటూ నక్కి ఉంది.

"లిస్టులో కావలసిన చోటికి నేరుగా దూకలేం, ఆ సార్ట్‌కు దూకడం కావాలి, ఆ మైనస్ దాని లోపలి లెక్కే. లిస్టుకు సొంత సార్ట్ ఉంది, అది వాడు నాయనా." మీరు చెప్పాల్సింది ఇంతే కదండీ? మీ భాష 2020 ప్రమాణంలో కాన్సెప్ట్స్, అంటే ఫంక్షన్‌కు ఎలాంటివి ఇవ్వాలో ముందే చెప్పే షరతులు, తెచ్చారు, సంతోషం. వాటితో రాసిన రేంజెస్ సార్ట్ వాడితే షరతు తీరలేదని మొదట్లోనే అంటున్నారు. ఏ షరతో చెప్పడానికి మాత్రం మళ్లీ పురాణం విప్పుతున్నారు.

పక్కింటి పిల్లలతో పోల్చకూడదంటారు. పోలుస్తాను. రస్ట్ భాష కంపైలర్‌ను చూడండి: చేతులు మారిపోయిన విలువను పాత పేరుతోనే వాడితే, ఏ లైనులో మారింది, తర్వాత ఎక్కడ వాడారు, రెండుచోట్లా గీత గీసి చూపిస్తుంది. ఎర్రర్ నంబరు పట్టుకుని అడిగితే ఉదాహరణతో పాఠం చెబుతుంది. పైథాన్ కూడా 2021లో 3.10 వెర్షన్ నుంచి, బ్రాకెట్ మూయకపోతే తెరిచిన చోటే వేలుపెట్టి చూపిస్తోంది.

మీరు ఒక్కటి చేయండి చాలు. పిల్లవాడు రాసిన లైను మొదట చూపించండి. మీ ఇంటి గొడవలన్నీ దాని కింద వేసుకోండి, ఓపిక ఉన్నవాళ్లు చదువుకుంటారు.

ఇట్లు,
ఒక ల్యాబ్ సార్