సవరణ: రిట్రాక్ట్ అయిన ప్రతి పేపరూ మోసం కాదు

మోసం బయటపడితే జర్నల్ (పరిశోధన పత్రిక) తాను ప్రచురించిన ఆ పేపర్‌ను రిట్రాక్ట్ చేస్తుందని, అంటే వెనక్కి తీసుకుంటుందని గత పోస్టులో రాశాను. దాన్నిబట్టి రిట్రాక్ట్ అయినవన్నీ మోసాలేనని కొందరు అనుకుంటున్నారు. కాదు. ఆ వాక్యాన్ని ఇలా చదువుకోండి: ఫలితాలను నమ్మడానికి వీల్లేదని తేలితే రిట్రాక్ట్ చేస్తారు. కారణం మోసం కావచ్చు, నిజాయితీగా జరిగిన పొరపాటూ కావచ్చు. పరిశోధన ప్రచురణలో నైతికత కోసం పనిచేసే కోప్ (COPE) సంస్థ జర్నల్ ఎడిటర్లకు ఇచ్చే మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే.

మోసానికి ఉదాహరణ: ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ను లాన్సెట్ అనే వైద్య జర్నల్ పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండేళ్లు! ఈలోగా ఎంతమంది తల్లిదండ్రులు టీకా వేయించడానికి జంకారో.

శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ సంగతి వేరు, అది పొరపాటు. ఆవిడ 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన తన బృందం పేపర్‌లోని ఫలితాలు మళ్లీ ప్రయోగం చేస్తే రాలేదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో కీలక ప్రయోగాల వివరాలూ లేవు. 2020 జనవరిలో ఆ విషయం ఆవిడే బయటికి చెప్పి, క్షమాపణ కోరి, పేపర్ వెనక్కి తీసుకున్నారు.

ఈ రెంటినీ ఒకే గాటన కడితే, తమ పేపర్‌లో తప్పు కనిపించినా నోరు విప్పడానికి పరిశోధకులు భయపడతారు. కాబట్టి కారణాన్ని రిట్రాక్షన్ నోటీసులో వివరంగా రాయాల్సిన బాధ్యత జర్నల్‌దే. "రచయితల కోరికపై" అని ఒక్క ముక్కతో సరిపెట్టే నోటీసులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.