పీఓల ఫ్లెక్సీ గారికి ఒక విన్నపం

మేనేజ్‌మెంట్ బ్లాకు రెండో అంతస్తులో, మంచినీళ్ల కూలర్ పైన వేలాడుతున్న ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ (పీఓలు, అంటే కోర్సు అయ్యేసరికి విద్యార్థికి రావాల్సిన ఫలితాలు) ఫ్లెక్సీ గారికి,

నమస్కారం. నాలుగేళ్లుగా మీ కిందే సీసా నింపుకుంటున్న ఫైనాన్స్ మాస్టారు రాస్తున్నది.

కాలేజీ కోర్సులకి అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఇచ్చే ఎన్‌బీఏ వాళ్లు ఎంబీఏకి ఖరారు చేసిన అయిదు ఫలితాలూ మీ ఒంటి మీదున్నాయి. మా దగ్గర రెండేళ్లు చదివినవాడు సిద్ధాంతాలతో వ్యాపార సమస్యలు పరిష్కరిస్తాడు. డేటా చూసి నిర్ణయం తీసుకుంటాడు. విలువలతో నాయకత్వం వహిస్తాడు. ప్రపంచ వ్యాపారంలోని ఆర్థిక, న్యాయ, నైతిక కోణాలు విడమరిచి చెబుతాడు. తను నడుస్తూ పదిమందినీ నడిపిస్తాడు. ఇన్ని గుణాలు పెళ్లిళ్ల పేరయ్య కూడా చెప్పడండీ. ఐసెట్‌లో 200కి 50 వస్తే అర్హత. అక్కణ్ణుంచి మీ ఎత్తుకి ఎక్కించే బాధ్యత మాది.

ఎక్కించడం పెద్ద కష్టమేం కాదు. రాత్రి పదకొండింటికి ఎక్సెల్ షీటు తెరుస్తాం. అడ్డంగా మీరు, నిలువుగా నా సబ్జెక్టు. రెంటికీ సంబంధం ఎంత గట్టిదో బట్టి ఒక్కో గడిలో 3, 2, 1, సంబంధమే లేకపోతే గీత. అన్నీ మూళ్లే పెడితే అనుమానం వస్తుందని మా హెచ్‌ఓడీ గారు అక్కడక్కడా రెండు వేయించారు, దిష్టిచుక్కలా. సబ్జెక్టు చదివి పిల్లలు ఏం చేయగలరో రాసేచోట 'అర్థం చేసుకుంటారు' అని రాస్తే మాత్రం ఊరుకోరు, అది కొలవడానికి రాదట. చదువుకి 1956లో బ్లూమ్ గారు కట్టిన మెట్లలో పైమెట్టు క్రియ కావాలి. అందుకే మా పిల్లలెవరూ ఇప్పుడు అర్థం చేసుకోవడం లేదు, నేరుగా విశ్లేషిస్తున్నారు.

మొన్న ఎన్‌బీఏ కమిటీ వచ్చినప్పుడు జరిగింది మీరూ చూశారు. ఒక పెద్దాయన మీ ఎదురుగానే సెకండియర్ కుర్రాణ్ణి ఆపి, "మీ పీఓల సంగతి చెప్పు బాబూ" అన్నారు. "ప్రిలిమ్స్ అయిపోయింది సార్, మెయిన్స్‌కి కోచింగ్ వెళ్తున్నా" అన్నాడు వాడు. వాడికి తెలిసిన పీఓ బ్యాంకు పీఓ ఉద్యోగం ఒక్కటే. మా ప్లేస్‌మెంట్ల డేటా చూసి తీసుకున్న నిర్ణయమే కదా, మీ రెండో పాయింటు కింద వాడికి 3 వేశాను.

ఇక ప్రాజెక్టులు. మెరూన్ బైండింగు, బంగారు అక్షరాలు. 'కస్టమర్ శాటిస్‌ఫాక్షన్'లో వందమంది కస్టమర్లు ఒకే రాత్రి, ఒకే హాస్టల్ గదిలో, మూడు రంగుల పెన్నులతో తృప్తి పడ్డారు. 'ఇది పూర్తిగా నా సొంత కృషి' అన్న డిక్లరేషన్ కింద రెండేళ్ల క్రితం పాసైపోయిన సీనియర్ పేరుంది. విలువల పాయింటుకి అటైన్‌మెంట్, అంటే సాధించిన స్థాయి, మూడుకి 2.7 వచ్చింది.

మీకు తెలియని సంగతొకటి చెప్పాలి. వెనక బెంచీలో ఒకడున్నాడు, వాళ్లమ్మది బస్టాండు దగ్గర ఇడ్లీ బండి. లాభమూ నష్టమూ లేని చోటు, అదే బ్రేక్ ఈవెన్, చెబుతుంటే లేచి, "మా అమ్మ మధ్యాహ్నమే మబ్బు చూసి పప్పు ఎంత నానబోయాలో లెక్కేస్తుంది సార్" అన్నాడు. "వాన పడితే ఇడ్లీ ఎవరూ తినరు. మిగిలిన పిండి పులిస్తే మర్నాడు పునుగులు. గ్యాసు, బండి జాగా అద్దె అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సిందే, అందుకని రోజుకి ఎనభై ప్లేట్లు దాటాకే మా ఇంట్లో నవ్వుతారు." నేను చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మిడ్ పరీక్షలో వాడు ఇదే రాశాడు, డెఫినిషన్ రాయలేదు. అయిదుకి ఒకటి వేశాను. వాల్యుయేషన్ స్కీములో పునుగులు లేవు మరి.

కమిటీ మూడేళ్లకి అక్రెడిటేషన్ ఇచ్చి వెళ్లింది. ఆ సంబరంలో మీ చోట ఎల్‌ఈడీ బోర్డు పెట్టిస్తున్నారు. సోమవారం మిమ్మల్ని దించేస్తారు. ఈ కబురు ఎలా తెలిసిందో గానీ ఆ కుర్రాడు నిన్న స్టాఫ్ రూముకొచ్చి, "సార్, ఆ పాత ఫ్లెక్సీ నాకిప్పిస్తారా? బండి మీద పట్టా చిరిగిపోయింది" అన్నాడు. కొలతలు కూడా ముందే తీసుకున్నాడట, సరిగ్గా సరిపోతారట మీరు. సరేనన్నాను, క్షమించాలి.

అక్షరాలున్న వైపు లోపలికి పెడతాడట, ఎండకి రంగు పోకుండా.

ఇట్లు,
మీ కింద నీళ్లు పట్టుకునే
ఫైనాన్స్ మాస్టారు