ఈ ఒక్కసారికే అంటే నమ్మాలా?

హైదరాబాద్‌లో ఒక మ్యూజియం తన ప్రకృతి చరిత్ర హాలును వేసవి సెలవులకు ఒక సంస్థకు అద్దెకిచ్చింది. అక్కడ స్టఫ్ చేసి పెట్టిన పక్షులు, జంతువులు అట్టపెట్టెల్లోకెక్కి గోడౌన్‌కు పోయాయి. వాటి చోట కరెంటుతో తల ఊపే రబ్బరు డైనోసార్లు దిగాయి. ఏ మ్యూజియమో, ఎవరి సంతకంతో జరిగిందో నగరంలో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ కథంతా మళ్ళీ చెప్పం. సెలవులు అయిపోగానే అన్నీ ఎక్కడివక్కడికి వచ్చేస్తాయనీ, ఈ ఒక్కసారికి సర్దుకోవాలనీ అధికారులు అంటున్నారు. మా అభ్యంతరమంతా ఆ 'ఒక్కసారి' మీదే.

మ్యూజియాలకు నిధులు అంతంతమాత్రం, జనం రావడం లేదు, పిల్లలు డైనోసార్లంటే చెవి కోసుకుంటారు, నాలుగు టికెట్లు తెగితే తప్పేంటి అని అడిగేవాళ్ళున్నారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ టికెట్లు తెగడానికి ఈ ఊళ్ళో చోటుకు కొదవా? మాదాపూర్ వైపు హైటెక్స్ ఉంది. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా ఉంది. నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ఉన్నాయి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన నుమాయిష్ 1946లో ఆ మైదానానికి మారింది. ఏటా జనవరి 1న వస్తుంది, ఫిబ్రవరి మధ్యకల్లా మూటాముల్లె సర్దుకుంటుంది. అక్కడ జెయింట్ వీల్ తిరుగుతుంది, మిర్చి బజ్జీలు వేగుతాయి, ఎవరి అల్మారానూ ఖాళీ చేయమని అడగదు. రబ్బరు డైనోసార్లను అక్కడ పెట్టి ఉంటే మేమూ పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళం.

వచ్చే ఏడాది సంగతి చెప్పండి. ఇంకో సంస్థ వచ్చి, కృత్రిమ మంచు గది పెడతాం, రెట్టింపు అద్దె ఇస్తాం అంటే ఏ కారణం చూపి కాదంటారు? దసరాకు చీరల ఎక్స్‌పో వాళ్ళొస్తే? శంకర్‌పల్లిలో ప్లాట్లు అమ్ముకునే ప్రాపర్టీ షో వాళ్ళొస్తే? మొదటివాడికి లేని నియమం రెండోవాడి కోసం ఎక్కడి నుంచి తెస్తారు? ప్రభుత్వ ఆఫీసులో పనిచేసిన ఎవరినైనా అడగండి. 'గతంలో ఇలాగే అనుమతించడమైనది' అనే ఒక్క వాక్యం ఫైల్లో పడితే చాలు, మిగతా నోట్ చకచకా నడిచిపోతుంది. ఏకు మేకవడం అంటే ఇదే. పైగా ఇప్పుడా హాలుకు ఒక రేటు పడింది. రేటు పడ్డ హాల్లోకి గుడ్లగూబల్ని, పునుగుపిల్లుల్ని మళ్ళీ తెచ్చిపెట్టడానికి ఏ అధికారి కలం కదులుతుంది? పోయినేడాది వచ్చిన ఆదాయం ఈ ఏడాది ఎందుకు రాలేదని రేపు ఆడిట్ వాళ్ళే అడుగుతారు.

ఆ పెట్టెల్లో ఏం సర్దుతున్నారో తెలిసే సర్దారా? పాతకాలంలో స్టఫ్ చేసిన పక్షులకు, జంతువులకు పురుగు పట్టకుండా తోలు లోపలివైపు ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. పాషాణమన్నమాట. 19వ శతాబ్దంలోనూ, ఆ తర్వాత కొన్ని దశాబ్దాలూ ప్రపంచమంతా నడిచిన పద్ధతి అది. అందుకే పాత నమూనాలను గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదన్నది మ్యూజియంలో పనిచేసేవాళ్ళు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. మన దగ్గర వాటిని ఎత్తి లారీలో పెట్టిన కూలీలకు ఆ సంగతి ఎవరైనా చెప్పారా? చేతులు కడుక్కోండి అనైనా అన్నారా?

ఈకల రంగు వెలిసిపోకుండా ఉండాలంటే 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించని వెలుతురులో ఉంచాలి. మన ఇళ్ళలో ట్యూబులైటు వేస్తేనే అంతకన్నా ఎక్కువ. గాలిలో తేమ పెరుగుతూ తగ్గుతూ ఉంటే తోలు బిగుసుకుని కుట్ల దగ్గర పగులుతుంది. తేమ అలాగే నిలిస్తే బూజు. డెర్మెస్టిడ్ అనే చిన్న పురుగులు చొరబడితే ఈక, తోలు, వెంట్రుక దేన్నీ వదలవు. మృగశిర కార్తె దగ్గర పడుతోంది, వానలు మొదలవుతాయి. గోడౌన్‌లో నాలుగు కలరా ఉండలు వేసి షట్టరు దించితే తీరే వ్యవహారం కాదు.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం చీటీ ఊడిపోవడం. ఏ తేదీన, ఏ ఊళ్ళో, ఎవరు సేకరించారో రాసి పక్షి కాలికి కట్టిన చిన్న లేబుల్ అది. అది పోయిన రోజున ఆ పక్షి శాస్త్రానికి దాదాపు దండగ, ఎవరింటి షోకేసులోనో పెట్టుకోవడానికి తప్ప. చీటీని తర్వాత ఊహించి రాయలేం. రాసినా అది అబద్ధమే. పైగా ఇలాంటి నమూనాల్లో చాలావాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. పులి తోలు ఒకటి లెక్కకు రాకపోతే దాన్ని స్టాకు తేడా అని సర్దుకోలేరు, కేసవుతుంది. మరి పెట్టెలు కదిలే ముందు రిజిస్టర్‌తో సరిచూసి సంతకం పెట్టిందెవరు?

ఢిల్లీని ఇంత త్వరగా మరిచిపోయారా? 1978లో తెరిచిన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక కాలి బూడిదైంది. దానికి సొంత భవనం కూడా లేదు, వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ భవనంలో ఉండేది. మంటలార్పే ఏర్పాట్లు పనిచేయలేదని అప్పట్లోనే వార్తలొచ్చాయి. తాత్కాలిక ప్రదర్శన వల్ల అంటుకుందని మేము అనడం లేదు. ఎండిన తోళ్ళు, ఈకలు, స్పిరిట్ సీసాలు ఉన్న భవనానికి నిప్పు రవ్వ చాలని మాత్రం అంటున్నాం. పక్క గదుల్లో అవి ఇంకా ఉండగా మోటార్లు, పొగ యంత్రాలు, నేల మీద పాకే వైర్లు పెట్టడానికి అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా? ఆ జాతీయ మ్యూజియానికి మైసూరు, భోపాల్, భువనేశ్వర్‌లలో శాఖలున్నాయి, హైదరాబాద్‌లో లేదు. ఉన్న కాస్తనైనా కాపాడుకోవాలన్న ధ్యాస మనకు ఆ ఊళ్ళవాళ్ళకన్నా ఎక్కువ ఉండాలి.

ఇక ఆ డైనోసార్లు. హాలు మధ్యలో గుడ్లురుముతున్నది టి. రెక్స్, 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఉత్తర అమెరికాలో అంతరించిన జంతువు. దాని గొంతు ఎలా ఉండేదో విన్నవాడు లేడు, శిలాజంలో కేక మిగలదు. స్పీకర్లలోంచి వచ్చే ఆ గర్జన ఏ స్టూడియోలో ఎవరు కలిపారో! పొరుగింటి పుల్లకూర మీద మోజు మనకు కొత్త కాదు గానీ, మన గోదావరి లోయ డైనోసార్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉందని ఆ టికెట్ కొన్న పిల్లలకు ఎవరు చెబుతున్నారు? పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వితీసిన 840 ఎముకల్లోంచి లేచిన అస్థిపంజరమది. కనీసం 12 జంతువుల ఎముకలు అక్కడ కలగలిసి దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు. 1988లో శాస్త్రవేత్త యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లిఎన్సిస్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కిన సందర్భం. ఆ లోయదే ఇంకో పెద్ద జంతువు, బరపాసారస్, కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అది సిరోంచ వైపు పోచంపల్లి దగ్గర బయటపడింది. చీరల పోచంపల్లి వేరు, కంగారు పడకండి.

తాత్కాలిక ప్రదర్శనలకు ఈ పత్రిక వ్యతిరేకమని ఎవరైనా అంటే అది మా మీద నింద. నిజాం నగలు 2001లో, 2006లో రిజర్వు బ్యాంకు లాకర్లు దాటి సాలార్‌జంగ్ మ్యూజియానికి వచ్చాయి. వచ్చినవి అసలువి, జనం బారులు తీరారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం డిప్పీ అని పిలుచుకునే తన డైనోసార్ అస్థిపంజరాన్ని 2018 నుంచి బ్రిటన్‌లో 8 చోట్ల తిప్పింది. డిప్పీ ప్లాస్టర్ నకలే, ఆ సంగతి వాళ్ళు దాచలేదు, చూడటానికి పైసా తీసుకోలేదు. ఆ ఊళ్ళ మ్యూజియాలు ఆ వంకతో తమ దగ్గరున్న శిలాజాలనూ పక్షులనూ బయటికి తీసి చూపించుకున్నాయి. లోపలున్నదాన్ని వెలుగులోకి తెచ్చే ప్రదర్శన అంటే అలా ఉంటుంది. మనవాళ్ళు చేసింది లోపలున్నదాన్ని గోడౌన్‌లోకి తోయడం.

చేయదలిస్తే సరుకు లేదా? 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పక్షుల సర్వే చేశారు. ఆ లెక్కనూ, ఇవాళ నగరం చుట్టూ మిగిలిన చెరువులనూ పక్కపక్కన పెట్టండి. ఏది పోయింది, ఏది ఉంది, కొత్తగా ఏది వచ్చింది, పిల్లలే చెబుతారు. ఎన్నో దశాబ్దాలు కనపడక, పోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప దగ్గర మళ్ళీ కనిపించిన వైనం ఒక్కటి చాలు, ఒక హాలు నిండుతుంది. బరపాసారస్ ఎముక ఒకటి కోల్‌కతా నుంచి నాలుగు నెలలకు అరువు తెచ్చి, కోటాసారస్ కథ పక్కన చెప్పండి. దానికి టికెట్ పెట్టినా మేము నోరెత్తం. కాకపోతే ఇందులో చదువుకోవాలి, ఉత్తరాలు రాయాలి, బీమా కట్టాలి, అరువిచ్చినవాళ్ళకు జవాబు చెప్పాలి. రబ్బరు బొమ్మలకైతే తాళంచెవి ఇచ్చేస్తే సరిపోతుంది.

కాబట్టి అధికారులు ఈ నాలుగు కాగితాలూ బయటపెట్టాలి. సంస్థతో చేసుకున్న ఒప్పందం ఒకటి. గోడౌన్‌కు వెళ్ళిన ప్రతి నమూనా నంబరుతో జాబితా ఇంకోటి. అవి తిరిగొచ్చే తేదీతో క్యూరేటర్ సంతకం చేసిన నోటీసు. శాశ్వత గ్యాలరీలను ఇకముందు ఎవరికీ అద్దెకివ్వబోమని ఉత్తర్వు. చివరిది లేకుండా మొదటి మూడూ ఇచ్చినా లాభం లేదు. వచ్చే వేసవికి ఇంకో సంస్థ ఈ ఏడాది ఫైలునే చూపించి అదే తాళంచెవి అడుగుతుంది, మీరు ఇస్తారు.

జాబితా ఎక్కడ అంటే నీళ్ళు నములుతున్నవాళ్ళు అద్దె ఒప్పందం మీద మాత్రం తడుముకోకుండా సంతకం పెట్టారు. ఆ చురుకుదనం కాస్త గోడౌన్ వైపు కూడా చూపించండి, తొలకరికి ముందే.