చెరువు ఎవరు పూడుస్తారు?

భీమవరం వైపు గానీ అమలాపురం వైపు గానీ రొయ్యల చెరువుకి పొలం లీజుకిచ్చిన రైతు ఎవరైనా ఉంటే అడిగి చూడండి, స్టాంప్ పేపర్ మీద ముందు ఏం వెతుక్కుంటాడో. ఎకరానికి ఎంత అనేది టీకొట్టు దగ్గరే తేలిపోయి ఉంటుంది. ఆయన వెతికేది చివర్లో వచ్చే ఒక్క లైను, గడువు అయ్యాక గట్లు కొట్టేసి చెరువు పూడ్చి చదును చేసి అప్పగించాలి అనేది ఉందా లేదా అని. అది చూస్కోకుండా సంతకం పెట్టేసినోళ్ళకి మిగిలేది ఉప్పు తేలిన గొయ్యి, దాన్ని మళ్ళీ వరిచేను చేయాలంటే తీసుకున్న లీజు డబ్బులు ట్రాక్టర్లకీ మట్టికీ సరిపోతే గొప్ప.

బొగ్గు గనుల్లో ఫారిన్ పెట్టుబడుల గురించి రాస్తామని రొయ్యల చెరువు దగ్గర మొదలెట్టారేంటి అంటారేమో, మాకు రెండూ ఒకే లెక్కలా కనబడతాయి.

అసలు మన గోదావరి బొగ్గు కథ మొదలైందే ఫారిన్ పెట్టుబడితో. ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గు బయటపడింది, 1886లో లండన్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి తవ్వుకునే హక్కులొచ్చాయి. తీరా చూస్తే ఆ కంపెనీ షేర్లలో ఎక్కువభాగం ప్రమోటర్లే ఊరికే తమ పేర్న రాసేసుకున్నారు, గొడవ ముదిరి 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా పోయింది. అంటే పెట్టుబడి వస్తుందని పేపర్లిచ్చింది నిజాం, ఆ పేపర్లు చూపించి మార్కెట్లో డబ్బు చేసుకుంది వాళ్ళు. తర్వాత 1920లో సింగరేణి కాలరీస్ పేరొచ్చింది, 1945కి నిజాం సర్కారు షేర్లు తిరిగి కొనుక్కుంది. మన బొగ్గుని మనమే కొనుక్కోవడం అప్పట్నుంచే ఉందన్నమాట.

ఇప్పటి సంగతికొస్తే, 2019లో కేంద్రం బొగ్గు తవ్వి అమ్ముకోడానికి 100 శాతం విదేశీ పెట్టుబడి ఆటోమేటిక్ రూట్‌లో, అంటే ముందుగా సర్కారు పర్మిషన్ అక్కర్లేకుండా, రావచ్చంది, 2020 జూన్‌లో కమర్షియల్ వేలం మొదలెట్టింది. టీవీల్లో ఆ రోజు హడావిడి చూస్తే రేపో మాపో డాలర్లు లారీల్లో దిగుతాయన్నట్టే ఉంది. మొదటి విడతలో 19 గనులు పోయాయి, పాడుకున్నది ఇక్కడోళ్ళే. బయటోళ్ళు రాకపోవడంలో వింతేం లేదు, రియో టింటో లాంటి పెద్ద విదేశీ గనుల కంపెనీయే 2018కల్లా బొగ్గు వ్యాపారం మొత్తం వదిలించేసుకుంది.

ఆ రియో టింటో ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో ఏం చేసిందో మాత్రం మన డెల్టావాళ్ళు తెలుసుకోవాలి, ఎందుకంటే అది కూడా నది కథే. 2011లో దాదాపు 400 కోట్ల డాలర్లు పోసి టెటె ప్రాంతంలో గనులున్న కంపెనీని కొనేసింది. ప్లానేంటంటే తవ్విన బొగ్గుని జాంబేజీ నదిలో బార్జిల మీద సముద్రం దాకా దింపేయడం. అంటే నది పొడుగునా ఇసుక తవ్వుకుంటూ పోవాలి, మొగ దాకా. మన అంతర్వేది మొగ దగ్గర ఎవడైనా అలా తవ్వుతానంటే చేపలోళ్ళు ఏమంటారో ఊహించుకోండి. అక్కడి ప్రభుత్వం పర్యావరణం పేరు చెప్పి పర్మిషన్ ఇవ్వలేదు, ఉన్న రైల్వే లైను చాలదు, లెక్కేసుకున్నంత బొగ్గూ లేదు. 2013 జనవరిలో దాదాపు 300 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసి సీఈవో దిగిపోయాడు, 2014లో మొత్తం 5 కోట్ల డాలర్లకి అమ్మేశారు.

ఎవరు కొన్నారు? ఐసీవీఎల్ అని మన ప్రభుత్వ కంపెనీల జట్టు, అందులో సెయిల్ ఉంది, ఎన్‌ఎండీసీ ఉంది, మన విశాఖ ఉక్కు కూడా ఉంది. సొంత గనుల కోసం ఇక్కడ మొత్తుకుంటున్న ఫ్యాక్టరీ అక్కడ ఫారిన్ ఇన్వెస్టర్! పక్కనే బ్రెజిల్ కంపెనీ వాలే నడిపిన మొఆతీజె గని 2022లో జిందాల్ గ్రూపు వల్కన్‌కి పోయింది. ఆ గని కోసం వెయ్యికి పైగా కుటుంబాల్ని లేపారు, చాలామందిని కతెమె అనే చోట దించారు, నీళ్ళు లేవు నేల పండదు గోడలు బీటలిచ్చాయి అని 2012 జనవరిలో జనం రైలు పట్టాల మీద కూర్చుంటే పోలీసులు కొట్టారు. గని ఏరియాలో ఇటుకలు చేసుకునేవాళ్ళదీ అదే గోల, మట్టి పోయాక ఇచ్చిన పరిహారం చాలలేదని. ఈ పని చేసింది వాలే, నిజమే, కానీ ఇవాళ ఆ జనం వెళ్ళి తలుపు కొట్టాల్సింది మనోళ్ళదే.

ఇండోనేషియా కొంచెం తెలివిగా చేసింది. తవ్విన దాంట్లో 25 శాతం దేశంలోనే అమ్మాలి, కరెంటు ప్లాంట్లకి టన్ను 70 డాలర్లకి మించకూడదు అని రూలు పెట్టింది, కంపెనీలు దాన్ని పక్కన పెడుతున్నాయని 2022 జనవరిలో ఎగుమతులే ఆపేసింది. వాళ్ళ బొగ్గు కొనుక్కునే మన ప్లాంట్లోళ్ళు గగ్గోలు పెట్టారు గానీ వాళ్ళ వైపు నుంచి చూస్తే తప్పేముంది, ఇంట్లో దీపం ఆర్పి పక్కింటికి నూనె ఎవరిస్తారు.

పెట్టుబడి వద్దే వద్దు అనడం మా ఉద్దేశం కాదు. కొత్తగూడెం, మణుగూరు వైపు ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచి నేలంతా తవ్వేసే గనులు, ప్రభుత్వ కంపెనీవే, అయినా జనం వాటిని బొందలగడ్డలు, అంటే శ్మశానాలు, అనే పిలుస్తున్నారు. డబ్బు లండన్‌దా ఢిల్లీదా అన్నది తర్వాత, ముందు కాగితంలో ఏం రాశారో చూడాలి అంటున్నాం.

ఇది మనకెందుకు అనుకునే పరిస్థితి కూడా లేదు. ఏలూరు జిల్లా చింతలపూడి కింద బొగ్గుందని సర్వేలు ఎప్పుడో తేల్చాయి, ఆ బ్లాకులు వేలం జాబితాల్లోకీ ఎక్కాయి. ఆ మెట్టలోంచి వచ్చే తమ్మిలేరు ఏలూరు పక్కగా పోయి కొల్లేట్లో కలుస్తుంది. రేపు అక్కడ గని తవ్వి తోడిపోసే నీళ్ళు ఎటు పారతాయో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. గని మూసివేత ఖర్చు కోసం కంపెనీ ఏటా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప తీసుకోడానికి వీల్లేని ఖాతాలో, డబ్బు వేయాలని రూలు ఇప్పటికే ఉంది. ఎంత వేశారు, నీళ్ళు ఎటు వదులుతారు, గొయ్యి ఎన్నేళ్ళకి పూడుస్తారు, కంపెనీ మధ్యలో గని అమ్మేసిపోతే కొన్నవాడు ఆ బాధ్యత మోస్తాడా, ఈ నాలుగూ ముందు తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి. గ్రామసభ ఆ తర్వాత పెట్టుకుందాం.