బఫర్ పెంచడం అన్నిటికీ మందు కాదు

హైదరాబాద్‌లో పెళ్లి లైవ్‌లు చేసేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "వీడియో జెర్క్ కొడితే బఫర్ 10 ఫ్రేములకు పెంచు, కెమెరాలన్నీ సెకనుకు 60 ఫ్రేముల్లో పెట్టు, అప్పటికీ జెర్క్ వస్తే తప్పు నెట్‌దే." మూడు మాటలూ తప్పుదారి పట్టించేవే.

ముందు బఫర్ సంగతి. ఫ్రేములు, అంటే వీడియోలోని ఒక్కో చిత్రం, తెరమీదికి వెళ్లేముందు కాసేపు ఆగే వరుసే బఫర్, అదే క్యూ. సెకనుకు 25 ఫ్రేముల లైవ్‌లో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. ఒకటి 35కి, ఇంకొకటి 48కి వచ్చినా ఆ హెచ్చుతగ్గులను రెండు మూడు ఫ్రేముల క్యూ సర్దేస్తుంది. క్యూ సర్దలేనిది గడియారాల తేడా. కెమెరా గడియారం ల్యాప్‌టాప్ కన్నా పది లక్షలకు 50 వంతులు వేగంగా నడిస్తే, ప్రతి 800 సెకన్లకు ఒక ఫ్రేము మిగిలిపోతుంది. సగం నిండిన 10 ఫ్రేముల క్యూ 67 నిమిషాల్లో పూర్తిగా నిండుతుంది. అప్పటికి హాల్లో ఎల్ఈడీ తెర 400 మిల్లీసెకన్లు వెనకబడి, పంతులుగారి మంత్రం మైకులో ముందు, పెదవుల కదలిక తెరమీద తర్వాత వస్తాయి. ధ్వని చిత్రానికి 40 మిల్లీసెకన్లకు మించి ముందుండకూడదన్నది యూరప్ ప్రసార సంస్థల సంఘం ఈబీయూ సిఫారసు.

అందుకే క్యూ 3 ఫ్రేములు చాలు. నిండితే అన్నిటికన్నా పాత ఫ్రేము పారేయాలి, ఖాళీ అయితే చివరి ఫ్రేమే మళ్లీ చూపాలి. పదమూడు నిమిషాలకు ఒక ఫ్రేము పోతే చూసేవాళ్లకు తెలియనే తెలియదు. ధ్వనిని మాత్రం అలా కోయకూడదు, టక్కుమంటుంది, రీశాంప్లింగ్ చేయాలి, అంటే ధ్వని వేగాన్ని గడియారానికి తగ్గట్టు రవ్వంత సర్దాలి.

కెమెరాలు 60లో పెడితే? 25కు తగ్గించేటప్పుడు ఫ్రేములు ఒకసారి రెండింటికి, ఒకసారి మూడింటికి ఒకటి చొప్పున తీసుకోవాల్సి వస్తుంది. పాన్ చేస్తే, అంటే కెమెరాను పక్కకు తిప్పితే, ఆ కుదుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్. 1/60 సెకను షట్టర్‌తో కొన్ని లైట్లు మిణుకుమంటాయి. కెమెరాలు 50 లేదా 25లో, షట్టర్ 1/50 లేదా 1/100లో పెట్టండి.

ఇక నెట్. ల్యాప్‌టాప్‌లోనే సేవ్ అయిన లోకల్ రికార్డింగ్ చూడండి. అందులోనూ జెర్క్ ఉంటే ఆ జెర్క్ నెట్‌ది కాదు. లైవ్ నడిపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టాట్స్‌లో మూడు లెక్కలు వేరువేరుగా ఉంటాయి: రెండరింగ్ లాగ్ (చిత్రం తయారీలో ఆలస్యం) పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద భారం, ఎన్‌కోడింగ్ లాగ్ (వీడియోను కుదించడంలో ఆలస్యం) అయితే ఎన్‌కోడర్ ప్రీసెట్, అంటే కుదింపు సెట్టింగ్, బరువు, డ్రాప్డ్ ఫ్రేమ్స్ (పంపలేక వదిలేసిన ఫ్రేములు) అయితేనే నెట్.

ఈ మూడూ సున్నా ఉండి కూడా జెర్క్ వస్తే యూఎస్‌బీ చూడండి. కంప్రెస్ చేయని 1080పీ50 (1920×1080, సెకనుకు 50 ఫ్రేములు) వీడియోకు వైయూవై2 అనే ఫార్మాట్‌లో సెకనుకు 1.66 గిగాబిట్లు కావాలి. 5 గిగాబిట్ల హబ్‌లో అసలు డేటాకు మిగిలేది 4 కన్నా తక్కువ, కాబట్టి కెమెరా వీడియోను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డులు రెండున్నా ఇరుకైపోతుంది. ఒక కార్డును వేరే కంట్రోలర్ (యూఎస్‌బీని నడిపే చిప్) ఉన్న పోర్టుకు మార్చండి. అలాంటి పోర్టు లేకపోతే ఫార్మాట్‌ను రంగుల వివరం తక్కువగా ఉంచే ఎన్‌వీ12కు దించితే నాలుగో వంతు భారం తగ్గుతుంది.