పాదానికి ప్రోబ్, ఫ్రిజ్‌లో వయల్

రెండో రోజో మూడో రోజో డిశ్చార్జి అయిన పసికందు నాలుగు రోజులకే పాలు మానేసి, ఎగశ్వాసతో తిరిగొస్తే ముందు అనుమానించేది ఇన్‌ఫెక్షన్‌నే. చాలాసార్లు అదే నిజం కూడా. కొందరిలో మాత్రం లోపం గుండెది. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులను తప్పించి రక్తాన్ని మళ్లించే డక్టస్ అనే నాళం పుట్టాక రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. గుండె లోపం వల్ల రక్తప్రసరణకు దాని మీదే ఆధారపడ్డ బిడ్డ ఆస్పత్రిలో ఉన్నంతసేపూ బాగానే కనిపించి, ఇంటికెళ్లాక కుప్పకూలుతుంది.

ఆ నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ కొత్త మందేం కాదు. గొర్రెపిల్లల నాళాల మీద టొరంటోలో కొచియానీ, ఓలీ చేసిన పరిశోధన 1973 నాటిది. ఆ దశాబ్దం మధ్యకే పసిపిల్లలకు ఇవ్వడం మొదలైంది. మనకు అడ్డం పడుతున్నది రోడ్డు. శ్రీకాకుళం నుంచి విశాఖకు సుమారు 110 కిలోమీటర్లు, ఇచ్ఛాపురం నుంచైతే 200 పైమాటే. గుండె ఆపరేషన్ విశాఖలోనే జరగనివ్వండి, జిల్లాకో థియేటర్ అక్కర్లేదు. బిడ్డ అక్కడికి ప్రాణాలతో చేరాలి.

పుట్టి 24 గంటలు నిండాక కుడిచేతికి, ఏదో ఒక పాదానికి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సిమీటరు ప్రోబ్ పెట్టాలి. కుడిచేయే ఎందుకంటే, దానికి రక్తం డక్టస్ కలిసే చోటికి ముందే చీలిపోతుంది. 90 లోపు వస్తే వెంటనే ఎకో (గుండె స్కానింగ్). 90–94 ఉన్నా, రెండింటికీ తేడా 3 దాటినా గంట తర్వాత మళ్లీ చూడాలి. పాదం చల్లగా ఉన్నా, బిడ్డ ఏడుస్తున్నా, ప్రోబ్ వదులైనా అంకె అబద్ధం చెబుతుంది. మహాధమని సన్నబడిన లోపం ఆక్సిమీటరుకు చిక్కకపోవచ్చు కాబట్టి గజ్జల్లో నాడి కూడా చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ప్రోస్టాగ్లాండిన్ 500 మైక్రోగ్రాముల వయల్‌ను 50 మిల్లీలీటర్లకు కలిపితే, 3 కిలోల బిడ్డకు నిమిషానికి కిలోకు 0.05 మైక్రోగ్రాముల చొప్పున గంటకు 0.9 మిల్లీలీటర్లు చాలు. చిక్కంతా దారిలోనే. ఈ మందుతో ఊపిరి ఆగిపోవచ్చు, రెండు కిలోల లోపు బిడ్డల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. బ్యాగ్-మాస్క్‌తో ఊపిరి అందించడం వచ్చిన మనిషి అంబులెన్సులో పక్కనే ఉండాలి. మందు ప్రభావం నిమిషాల్లో పోతుంది కనుక నరానికి మందు ఎక్కించే ఒక లైన్ ఊడినా ఆగకుండా రెండో లైన్ సిద్ధంగా ఉంచాలి. నీలంగా ఉన్నాడని ఆక్సిజన్ పెంచుకుంటూ పోవడం మరో పొరపాటు: ఆక్సిజనే డక్టస్‌ను మూయిస్తుంది. ఇలాంటి బిడ్డకు ఆక్సిమీటరులో 75–85 చాలు.

వయల్ 2–8 డిగ్రీల్లో ఉండాలి, టీకాల ఫ్రిజ్ వేడికే. డిశ్చార్జి కాగితంలో బరువు గడి పక్కన చేయి, పాదం అంకెలకు రెండు గడులు పెడితే, పరీక్ష జరగని బిడ్డ ఎవరో గుమ్మం దాటకముందే తెలిసిపోతుంది.